గడియారం తీసిన పులి

మేస్త్రి పెళ్ళాన్ని కొట్టే ముందు చేతి గడియారం తీసి కిటికీలో పెట్టేవాడు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి ఆ గడియారం చేత్తోనే విసిరి కొడితే అద్దం ఆమె దవడ ఎముకకు తగిలి చిట్లింది. దవడ సంగతి అడిగిన నాథుడు లేడు. అద్దం చిట్లిందని మాత్రం అతను తిండి సహించక తిరిగాడు. అది మొదలు ఎంత కోపమొచ్చినా సరే, ముందు తోలుపట్టీ విప్పడం, గడియారాన్ని కిటికీలో బోర్లా పెట్టడం, ఆ తర్వాతే చెయ్యెత్తడం. ఆ పట్టీ కొక్కెం మహా బిరుసు, గోటితో పెకిలించి లాగితే తప్ప ఊడొచ్చేది కాదు. ఆ కాస్త సందులోనే తల్లీ కూతుళ్ళు బతికేవాళ్ళు.

బతకడమంటే ఏముంది లెండి. పిల్లను మంచం కిందికి తోసెయ్యడం, పొయ్యి మీద మరిగే నీళ్ళు దించెయ్యడం, మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకోవడం. గోడ అవతల పక్కింటి బాబాయి మంచివాడే, చీమకు కూడా హాని చెయ్యడు. మొదటి దెబ్బ చప్పుడు వినపడగానే రేడియో పెంచేవాడు. దెబ్బలు పెరిగితే పాట పెరిగేది. వీధి మొత్తానికి ఆ ఇంట్లో ఏం జరుగుతోందో రేడియో వల్లే తెలిసేది.

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే ప్రెస్సు. పిల్లల పుస్తకాలు తప్ప మరొకటి అచ్చెయ్యని ప్రెస్సు. అతను కటింగ్ మిషన్ మీద. దుంగంత కాగితపు కట్టను ఒక్క వేటుకు వెన్నలా కోసే మిషను అది. ఆమె బైండింగు బల్ల దగ్గర అచ్చయి వచ్చిన పెద్ద కాగితాల ఫారాలు మడతపెట్టి కుట్టేది. కాని వీధిలో పిల్లలు ఆమెను ఆ పనితో గుర్తుపట్టేవాళ్ళు కాదు. "కథలత్త" అనేవాళ్ళు. ఆమె కూతురు ఎప్పుడు చూసినా గోడలెక్కి దూకుతుంటుందని దాని పేరు ఉడత.

పులి కథ పుట్టింది మంచం కింద. ఒకనాడు అతను కొట్టీ కొట్టీ అలసి బయటికి పోయాక, ఆమె లేవలేక అలాగే పాకుతూ మంచం కిందికి చేరింది. ఉడత పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఏం చెప్పి ఊరుకోబెట్టాలో తోచక, పెదవి మీది రక్తం కొంగుతో అద్దుకుంటూ మొదలుపెట్టింది.

"అనగనగా ఒక పులి. దాని చేతికి ఒక గడియారం."

"పులికి గడియారం ఎందుకే అమ్మా?"

"ఎందుకేమిటి, ఆకలి ఎప్పుడవుతుందో చూసుకోవాలిగా."

చీమిడి ముక్కుతోనే కిసుక్కున నవ్వింది ఉడత. ఆ నవ్వు వినేసరికి తల్లికి ఒళ్ళంతా లేపనం రాసినట్టయింది. ఇంక కథ ఆగలేదు. ఆ పులి ఎవరి మీదైనా దూకే ముందు గడియారం తీసి బండ మీద పెడుతుంది. అడవిలో ఒక ఉడత ఉంది. అది పులి మొహం చూడదు, కోరలు చూడదు, గడియారాన్నే చూస్తుంది. గడియారం బండ మీదికి చేరిందా, చెట్టు తొర్రలోంచి దూకి, ఎవరో పారేసిన ఇనప రేకు మీదికెక్కి, చేతికందినదాంతో ధన ధన వాయిస్తుంది. అడవిలో జంతువులన్నీ తలో చిప్పా తలో కర్రా పట్టుకుని వాయించుకుంటూ వస్తాయి. పులికి చప్పుడంటే చచ్చేంత సిగ్గు. ఎవరూ చూడనంతసేపే అది పులి. తోక ముడిచి పోతుంది. గుహ తలుపుకి అడ్డంగా బండ పడుతుంది. అంతే కథ.

తమ వంటింటి కిటికీకి చువ్వలు లేవని, దాని కింద పక్కింటివాళ్ళ రేకుల పంచ ఉందని ఆమె కథలో చెప్పలేదు. చెప్పకపోయినా ఉడతకు తెలిసిపోయింది. కాని కథలో చేయించిన పని ఇంట్లో చేయించే గుండె ఆమెకు లేకపోయింది. వీధిన పడితే రేపు ఏ మొహం పెట్టుకుని ప్రెస్సుకు వెళ్ళడం? అందుకని కథలో చెప్పేది ఒకటి, చేసేది ఒకటి; తీరా గడియారం కిటికీలోకి చేరితే పిల్లను మంచం కిందికి తోసేది.

పిల్లల నోట్లో కథ నానుతుందా? ఉడత దాన్ని వీధిలోకి మోసుకెళ్ళింది. మేస్త్రి కనపడనప్పుడల్లా పులి ఆటే ఆట. ఒకడు పులి, వాడి మణికట్టుకు దారం. దారం విప్పగానే మిగతావాళ్ళు మూతలూ గరిటెలూ పట్టుకుని వీధంతా దద్దరిల్లేలా వాయించడం. పెద్దవాళ్ళు విసుక్కుని తలుపులు వేసుకునేవాళ్ళు. ప్రెస్సు యజమానురాలు మాత్రం కిటికీలోంచి చూసింది. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మగారనేవాళ్ళు. నలుగురు పిల్లలు నోరు తెరిచి చూసేది ఏదైనా కనపడితే, అది పుస్తకం అయ్యేదాకా ఆవిడకు నిద్రపట్టదు.

"ఏమే కథలత్తా, ఇంత కథ కడుపులో పెట్టుకుని నా దగ్గర సూదీ దారం పట్టుకు కూర్చున్నావా? రాసియ్యి."

"నాకు రాయడమేం వచ్చు పెద్దమ్మగారూ."

"చెప్పినట్టు రాయి. దీర్ఘాలు నేను చూసుకుంటాను."

రాసింది. గడియారం అని రాయబోతే కలం ఆగింది. చాలాసేపు ఆలోచించి, పులి మెడలో గంట అని రాసింది. పెద్దమ్మగారు చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, అంతా బ్రహ్మాండంగా ఉంది గాని చివర ఒక్కటే బాగాలేదంది.

"గుహకు బండ అడ్డం పడిందని ఎలా ఊరుకుంటామే? కొనేది పిల్లలు కాదు, వాళ్ళ అమ్మానాన్నలు. పులి మారాలి. ఉడత దాని ఎదురుగా నిలబడి కళ్ళల్లోకి చూస్తే, పులి మనసు వెన్నలా కరిగిపోవాలి. తప్పయిపోయిందని ఏడవాలి. ఇద్దరూ కలిసి పాలు తాగాలి."

"పులి అలా అంటుందాండీ?"

"కథలో కూడా అనకపోతే ఇంకెక్కడ అంటుంది?"

పక్కనే పిల్లి మీసాలు దిద్దుతున్న బొమ్మలాయన తలెత్తకుండానే, "పులి ఏడిస్తే గియ్యడం కష్టం పెద్దమ్మగారూ, చారలు కారిపోతాయి," అన్నాడు. ఆవిడ రబ్బరు ముక్క విసిరింది. అందరూ నవ్వారు. కథలత్త కూడా నవ్వి, ఇంటికెళ్ళి చివరి పేజీ మార్చి రాసింది. రాస్తుంటే తనకే ఆ పేజీ మీద ఆశ పుట్టింది, ఏమో, అలా కూడా జరగొచ్చేమోనని. ఆ రోజు మంచం మీద పక్కన పడుకోబెట్టుకుని ఉడతకు కొత్త చివరే వినిపించింది. ఉడత వింది. అంతా విని, తల్లి కడుపులో తల దూర్చుకుని పడుకుంది.

ఆ ప్రెస్సులో ఒక ఆచారం ఉండేది. ఏ పుస్తకమైనా అచ్చుకు పోయే ముందు "వినికిడి" జరగాలి. మధ్యాహ్నం మిషన్లన్నీ ఆపేస్తారు. వీధి పిల్లలు కాగితపు కట్టల మీద కూర్చుంటారు. రాసినవాళ్ళు పైకి చదువుతారు. పెద్దమ్మగారు కథ వినదు, పిల్లల్ని చూస్తుంది. ఎక్కడ ఒకడు కాలు గోక్కున్నాడో, ఎక్కడ ఒకత్తె పక్కదాని జడ లాగిందో, అక్కడ పెన్సిలుతో గీత పెట్టి ఆ వాక్యం తీసేస్తుంది.

వినికిడి అంటే మేస్త్రికి వెటకారం. ఎప్పుడూ ఆ సమయానికి సిగరెట్టు పట్టుకుని బయటికి పోయేవాడు. ఆరోజు పోలేదు. పోవడానికి వీల్లేకపోయింది. కటింగ్ మిషన్‌కు కత్తి మారుస్తున్నాడు. పాత కత్తి మరలు విప్పాక, కొత్తది బిగించేదాకా దాన్ని వదిలి కదలకూడదు, జారిందంటే పాదం పాదమంతా పోతుంది. మిషన్ వెనక నేల మీద కూర్చుని మర తిప్పుతున్నాడు. అతను అక్కడున్న సంగతి కథలత్త చూడలేదు.

"అనగనగా ఒక పులి," అని మొదలుపెట్టింది. "దాని మెడలో ఒక గంట."

"గంట కాదమ్మా!" అంది ఉడత ముందు వరసలోంచి. "గడియారం!"

చూడండి, పిల్లలకు రోజూ చెప్పే కథలో ఒక్క ముక్క తప్పిస్తే ఊరుకోరు గదా. ప్రాణం పోయినట్టు గోల పెడతారు. ఉడతా అదే చేసింది. తల్లి "ఈ పులికి గంటేలే తల్లీ," అనబోయింది. ఇంతలో మిగతా పిల్లలు అందుకున్నారు.

"గడియారమే అత్తా! చేతికి! తీసి బండ మీద పెడుతుంది!"

"తీసి బోర్లా పెడుతుంది!" అంది ఉడత. "అప్పుడు కొడుతుంది. పట్టీ గట్టిగా ఉంటుంది కదమ్మా, గోటితో ఇలా గిల్లుతుంది."

తన బుల్లి మణికట్టు మీద గిల్లి చూపించింది.

బైండింగు బల్ల దగ్గరివాళ్ళు మడతపెడుతున్న చేతులు ఆపేశారు. ఆ గిల్లడం వాళ్ళంతా చూసిందే. ప్రెస్సు కుర్రాడి ముక్కు పగలగొట్టిన రోజున, రిక్షా అతన్ని గేటు దగ్గర పడేసి తన్నిన రోజున, మేస్త్రి ముందు అలాగే గిల్లి గడియారం తీశాడు. ఒక్కొక్కరే తలలు మిషన్ వైపు తిప్పారు. వాళ్ళు ఎటు చూస్తున్నారో చూసి కథలత్త కూడా తిరిగింది. మిషన్ వెనకనుంచి అతను లేచి నిలబడ్డాడు. చేతిలో మరలు బిగించే పాన ఉంది.

"ఆపావేం? చదువు," అన్నాడు.

ఆమె కాగితాలు గుండెకు అదుముకుంది.

"చదవవే! పులి ఏం చేసిందో మేమూ వింటాం."

చదివింది. అక్షరాలు అలుక్కుపోతుంటే, చివరిదాకా చదివింది. ఉడత ఎదురుగా నిలబడింది, కళ్ళల్లోకి చూసింది, పులి తప్పయిపోయిందని ఏడ్చింది, పాలు తాగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తొర్రిపళ్ళ పిల్ల ఒకత్తె చెయ్యెత్తింది.

"మరి మర్నాడు మళ్ళీ గడియారం తీసిందా అత్తా?"

మేస్త్రి నడిచి వచ్చి, పెళ్ళాం చేతిలోంచి కాగితాలు లాక్కున్నాడు. మిషన్ దగ్గరికెళ్ళి, అప్పుడే బిగించిన కొత్త కత్తి కింద పెట్టి, చక్రం తిప్పి కత్తి దించాడు. చప్పుడు కూడా లేకుండా కథ నిలువునా రెండు ముక్కలైంది.

"కథ పొడుగైంది పెద్దమ్మగారూ," అన్నాడు నవ్వుతూ. "కత్తిరించాను."

"ఒరేయ్, ఇంకోసారి నా గుమ్మం తొక్కావంటే కాళ్ళిరగ్గొట్టిస్తాను!" అని ఆవిడ లేచింది. "కథలత్తా, నువ్వు ఇక్కడే ఉండు. ఇంటికి పోకు."

అతను వంగి ఉడత చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల చెయ్యి అతని పిడికిట్లో ఉంటే తల్లి ఎక్కడుంటుంది? కొంగు నడుముకు దోపి వెనకే పరిగెత్తింది. పిల్లలు దారిచ్చారు. పెద్దలూ దారిచ్చారు.

ఇంట్లోకి వెళ్ళగానే గడియ వేశాడు. పొద్దు ఇంకా వాలలేదు, కిటికీలోంచి ఎండ నేల మీద పలకలా పడింది. అతను ఆ ఎండలో నిలబడి, గోటితో కొక్కెం గిల్లాడు. పట్టీ ఊడింది. గడియారం బోర్లా పెట్టాడు.

కథలత్త అలవాటు కొద్దీ ఉడతను మంచం వైపు తోసింది. ఉడత కదల్లేదు. తండ్రికి ఎదురుగా వెళ్ళి నిలబడి, తలెత్తి, కళ్ళల్లోకి చూసింది. ఆ పిల్ల మొహంలో భయం లేదు. ఎదురుచూపు ఉంది.

"ఇప్పుడు తప్పయిపోయిందని అంటాడు కదమ్మా?" అంది.

అతని చెయ్యి ఎప్పుడు లేచిందో కూడా తెలియలేదు. పిల్ల గాలిలో తేలినట్టు వెళ్ళి తలుపు చెక్కకు తగిలి కిందపడింది. చెవి వెనకనుంచి రక్తం సన్నగా దిగింది. ఏడవలేదు. అయోమయంగా తల్లి వైపు చూసింది, కథలో ఎక్కడ తప్పు చదివావన్నట్టు.

ఆ చూపు కథలత్త గుండెలో గునపంలా దిగింది. ఇన్నేళ్ళు తనకు తగిలినవన్నీ ఒక ఎత్తు. ఇది తన చేత్తో రాసిన దెబ్బ. తను రాసిన పేజీని నమ్మి పిల్ల వెళ్ళి కోరల ముందు నిలబడింది.

"ఉడతా!" అని అరిచింది. "అది కాదే! ఆ చివర తప్పే! పాతదే నిజం! పాతదే!"

అతను ఆమె జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. "ఊరంతా చాటుతావా? నన్ను పులిని చేస్తావా? ఆఁ?" ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. కణత పగిలి కంట్లోకి రక్తం దిగింది. గోడ అవతల రేడియో పెద్దదైంది. ఆమె కిందపడుతూ పడుతూ అతని కాళ్ళు రెండూ చుట్టేసుకుంది. కడుపులో తన్నాడు, వదల్లేదు. వీపు మీద పిడిగుద్దులు గుద్దాడు, వదల్లేదు. కుంటుకుంటూ వంటింట్లోకి పోతున్న చిన్న పాదాలు కనపడ్డాయి ఆమెకు. అతనూ చూశాడు. పిల్లను అందుకోవడానికి చెయ్యి చాపాడు. ఆ మణికట్టు ఆమె మొహం ముందుకే వచ్చింది. గడియారం ఉండే చోట ఎండ తగలని చర్మం, తెల్లగా, పట్టీ వెడల్పున. ఆమె నోరు తెరిచి అక్కడ కరిచింది.

కరిచిందంటే పళ్ళు దిగేలా కరిచింది. ఉప్పగా నోరు నిండింది. అతను వెర్రికేక పెట్టి, రెండో చేత్తో ఆమె మెడ మీద గుద్దుతున్నాడు. ఎముక తగిలింది పంటికి. వదల్లేదు. ఒక పన్ను కదిలింది. అయినా వదల్లేదు.

అప్పుడు మోగింది రేకు.

ధన్. ధన్. ధన్. ఉడత పంచ రేకు మీదికెక్కి కంచంతో కొడుతోంది. వెంటనే వీధిలోంచి మరొకటి అందుకుంది. తొర్రిపళ్ళ పిల్ల వాళ్ళ అమ్మ తోముతున్న మూత లాక్కుని వచ్చేసింది. తర్వాత బకెట్టు, తర్వాత గరిటెలు, తర్వాత ఎవరిదో సైకిలు గంట. పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆట ఎలా ఆడాలో వాళ్ళకు తెలుసు. గోల గోలగా ఇంటి చుట్టూ చేరి తలుపు మీద, కిటికీ మీద, గోడ మీద వాయించారు. "పులి గడియారం తీసింది! పులి గడియారం తీసింది!"

రేడియో పాట మధ్యలో ఆగిపోయింది.

ఆ చప్పుడులో ఇంక ఏ పెద్దమనిషీ నాకు వినపడలేదనడానికి లేకపోయింది. ముందు వచ్చింది పక్కింటి బాబాయే. చీమకు హాని చెయ్యని మనిషి పచ్చడి బండ పట్టుకుని వచ్చి గడియ ఊడేదాకా తలుపు మీద మోదాడు. వెనకే ప్రెస్సువాళ్ళు, వాళ్ళ వెనక రొప్పుకుంటూ పెద్దమ్మగారు. తలుపు విరిగి లోపలికి పడింది. మనుషులు మీదపడి మేస్త్రిని లాగారు. ముక్కు పగిలిన కుర్రాడు తన బాకీ తీర్చుకున్నాడు, ఎవరూ ఆపలేదు. ఆమె పళ్ళు విడిపించడానికి మాత్రం బైండింగు ఆడవాళ్ళు బుగ్గలు నొక్కాల్సొచ్చింది. "వదలక్కా, అయిపోయింది, వదులు, పిల్ల బాగానే ఉంది," అని చెవిలో చెబితేనే వదిలింది. పోలీసులు వచ్చి అతన్ని తీసుకుపోతుంటే, వేలాడుతున్న చేత్తో కిటికీ వైపు చూపించి, "నా గడియారం," అన్నాడు. ఎవరూ తెచ్చివ్వలేదు.

ఆమె తలకు కుట్లు పడ్డాయి, పక్కటెముక విరిగింది, ముందు పన్ను పోయింది. ఉడత చెవి వెనక కూడా కుట్లు వేశారు. ఆసుపత్రి మంచం మీద ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకుని ఉంటే, పెద్దమ్మగారు నిలువునా చీలిన కాగితాలు అంటించి పట్టుకొచ్చింది. కళ్ళజోడు ఒకటికి పదిసార్లు తుడుచుకుని కూర్చుంది.

"చివర నేను చెడగొట్టాను కదే," అంది ఎట్టకేలకు.

"రాసింది నేను పెద్దమ్మగారూ," అంది కథలత్త. పన్ను పోయిన సందులోంచి గాలి పోతోంది. "ఉడత నిలబడదు. చూడదు. గడియారం తీసిందా, దూకి పోతుంది. అదే అచ్చెయ్యండి. లేదంటే వద్దు."

"కొనరే."

"కొనకపోతే చదివి వినిపిస్తాను. వీధి వీధికీ పోతాను. ఏ ఇంట్లో ఏ ఉడత ఉందో ఎవరికి తెలుసు?"

పెద్దమ్మగారు పెన్సిలు తీసి చివరి పేజీ మీద అడ్డంగా గీత గీసింది. పిల్లలు కాళ్ళు గోక్కున్న చోట పెట్టే గీతే అది.

"గంట?"

"గడియారం."

గుమ్మం దగ్గర నిలబడ్డ బొమ్మలాయన గొంతు సవరించుకున్నాడు. "మరి చివరి బొమ్మ ఏం గియ్యను? గుహలో పులా?"

అప్పటిదాకా నిద్రపోతోందనుకున్న ఉడత దుప్పట్లోంచి తల బయట పెట్టింది.

"పులిని గియ్యకండి," అంది. "కిటికీలో గడియారం గియ్యండి. బోర్లా కాదు, మొహం ఇటు. పక్కన ఎవరూ ఉండొద్దు."